ఫెలిక్స్ ఆండ్రీస్ వేనింగ్ మైనెస్

ఫెలిక్స్ ఆండ్రీస్ వేనింగ్ మైనెస్ (జూలై 30, 1887 - ఆగష్టు 10, 1966) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ భూభౌతిక శాస్త్రవేత్త, భూమాపన శాస్త్రవేత్త. సముద్రం మీద గురుత్వాకర్షణను నమ్మదగిన కచ్చితత్వంతో కొలిచే పద్ధతిని మొదటిసారిగా రూపొందించిన ఘనత ఈయనది. లోలకాలతో కూడిన పరికరాన్ని జలాంతర్గామిలో ఉంచి, అలల తాకిడి తగ్గే లోతుకు దిగి, 1923 నుండి పదహారేళ్ళ పాటు అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రాలలో వందలాది చోట్ల కొలతలు తీసుకున్నాడు. జావా, సుమత్రా దీవుల వెలుపల సముద్రగర్భం వెంబడి గురుత్వం అసాధారణంగా తక్కువగా ఉన్న ఒక పొడవైన పట్టీని కనుగొన్నాడు. ఫలక చలన సిద్ధాంతానికి దారి తీసిన పరిశోధనలలో ఈ ఆవిష్కరణకు ముఖ్యమైన స్థానం ఉంది. ఈనాడు ఉపగ్రహాల ద్వారా సముద్ర గురుత్వ పటాలు తయారుచేసే గణితంలో ఈయన పేరిట ఉన్న సూత్రం ఇప్పటికీ ఉపయోగంలో ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

వేనింగ్ మైనెస్ 1887 జూలై 30న హేగ్ నగర పరిధిలోని స్కెవెనింగెన్‌లో జన్మించాడు. తండ్రి స్యూర్డ్ వేనింగ్ మైనెస్ మొదట రాటర్‌డ్యామ్ నగరానికి, 1891 నుండి ఆమ్‌స్టర్‌డ్యామ్ నగరానికి మేయరుగా పనిచేశాడు. ఈ విధంగా ఫెలిక్స్ బాల్యం దేశంలోని సంపన్న, విద్యావంతుల కుటుంబ వాతావరణంలో గడచింది. డెల్ఫ్ట్ సాంకేతిక విద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1910లో పట్టభద్రుడయ్యాడు.

చదువు పూర్తయిన వెంటనే నెదర్లాండ్స్ ప్రభుత్వ భూమాపన సంఘంలో ఉద్యోగంలో చేరాడు. దేశమంతటా గురుత్వాకర్షణను కొలవడం ఈయనకు అప్పగించిన పని. కొలతల సిద్ధాంతం పైన వ్రాసిన పరిశోధనా వ్యాసానికి 1915లో డాక్టరేట్ పొందాడు. ఈయన చాలా పొడగరి. రెండు మీటర్లకు దగ్గరగా ఉండే ఎత్తు. తరువాతి కాలంలో ఇరుకైన జలాంతర్గాములలో నెలల తరబడి గడపవలసి వచ్చిన మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

నాటి శాస్త్ర నేపథ్యం

భూమిపై గురుత్వాకర్షణ అన్నిచోట్లా ఒకే విధంగా ఉండదు. భూమి తన చుట్టూ తాను తిరగడం వలన, ధ్రువాల వద్ద కొద్దిగా అణగి ఉండడం వలన భూమధ్యరేఖ వద్ద కంటే ధ్రువాల వద్ద గురుత్వం సుమారు అర శాతం ఎక్కువ. ఈ క్రమమైన తేడాను లెక్కించి తీసివేసిన తరువాత కూడా కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ మిగులుతుంది. ఇలా మిగిలిన తేడాను గురుత్వ విచలనం అంటారు. దీనిని మిల్లీగాల్ అనే ప్రమాణంలో చెబుతారు. ఒక మిల్లీగాల్ అంటే భూమి గురుత్వంలో దాదాపు పది లక్షలవ వంతు. ఒకచోట నేల క్రింద బరువైన శిలలు ఉన్నాయా, తేలికైన శిలలు ఉన్నాయా అన్న సంగతిని ఈ విచలనం తెలియజేస్తుంది.

ఈ విషయంపై మొదటి పెద్ద చర్చ భారతదేశపు కొలతల నుండే పుట్టింది. భారత మహా త్రికోణమితి సర్వేలో హిమాలయాలకు దగ్గరగా ఉన్న కలియానా, దక్షిణాన ఉన్న కల్యాణ్‌పూర్ అనే రెండు స్థానాల మధ్య దూరాన్ని నేల మీద కొలిచినప్పుడు ఒక విలువ, నక్షత్రాల ఆధారంగా లెక్కించినప్పుడు మరొక విలువ వచ్చాయి. కలకత్తాలో మతాధికారిగా ఉన్న గణితవేత్త జాన్ హెన్రీ ప్రాట్ ఈ తేడాకు హిమాలయాల ఆకర్షణ కారణమేమో అని లెక్కవేసి చూశాడు. పర్వతాలు తమ ద్రవ్యరాశిని బట్టి తూకపు గుండును ఎంత లాగవలసి ఉందో అంత లాగడం లేదని ఆ లెక్కలో తేలింది. 1855లో ప్రాట్, జార్జి ఎయిరీ వేర్వేరుగా దీనిపై వ్రాశారు. పర్వతాల క్రింద తేలిక పదార్థం ఉండి పైనున్న బరువును సరిదూస్తున్నదన్న భావం వీరి రచనల నుండి బలపడింది. నీటిలో మంచుగడ్డ తేలినట్లు భూపటలం దాని క్రిందనున్న బరువైన పొరపై తేలుతూ సమతూకంలో ఉన్నదనే ఈ భావనను సమస్థితి సిద్ధాంతం అంటారు.

ఇరవయ్యవ శతాబ్ది ప్రారంభానికి ఖండాల మీద వేలాది చోట్ల గురుత్వ కొలతలు ఉన్నాయి. కాని భూమి ఉపరితలంలో డెబ్భై శాతానికి పైగా ఉన్న సముద్రాల మీద చెప్పుకోదగ్గ కొలతలు లేవు. సముద్రగర్భం కూడా సమస్థితిలో ఉన్నదా, ఖండాలు కదలగలవా అన్న ప్రశ్నలకు ఈ కొలతలు లేకుండా సమాధానం దొరికే అవకాశం లేదు. జర్మనీకి చెందిన ఆస్కార్ హెకర్ 1901 నుండి ఓడలపై ప్రయాణిస్తూ కొన్ని ప్రయత్నాలు చేశాడు. గాలి పీడనాన్ని రెండు విధాలుగా కొలిచి, వాటి తేడా నుండి గురుత్వాన్ని రాబట్టడం ఇతని పద్ధతి. ఇందులో వచ్చే దోషం వెతుకుతున్న విచలనాల స్థాయిలోనే ఉండడం వలన వివరమైన నిర్ణయాలకు అది చాలలేదు.

మెత్తని నేల నేర్పిన పద్ధతి

ఆ కాలంలో గురుత్వాన్ని కొలవడానికి లోలకం ప్రధాన సాధనం. లోలకం ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే కాలం దాని పొడవు పైన, ఆ చోటి గురుత్వం పైన ఆధారపడి ఉంటుంది. ఒకే లోలకాన్ని వేర్వేరు చోట్లకు తీసుకొనిపోయి డోలన కాలాన్ని పోల్చితే గురుత్వంలోని తేడా తెలుస్తుంది. అయితే ఒక మిల్లీగాల్ తేడాను పట్టుకోవాలంటే కాలాన్ని ఇరవై లక్షలలో ఒక వంతు కచ్చితత్వంతో కొలవాలి. అంటే రోజుకు సుమారు 0.04 సెకను మించి తప్పని గడియారం కావాలి.

నెదర్లాండ్స్‌లో ఇంకొక చిక్కు ఉంది. దేశంలో చాలాభాగం నీటితో నిండిన మెత్తని నేల. గాలికి, బండ్ల రాకపోకలకు ఆ నేల కంపిస్తూ ఉంటుంది. లోలకాన్ని నిలబెట్టిన ఆధారమే కదిలితే డోలన కాలం తప్పుగా వస్తుంది. వేనింగ్ మైనెస్ దీనికి ఒక ఉపాయం కనుగొన్నాడు. ఒకే పొడవు గల రెండు లోలకాలను ఒకే ఆధారానికి వ్రేలాడదీసి, ఒకే తలంలో, ఒకదానికొకటి ఎదురుగా ఊగేటట్లు చేశాడు. ఆధారం పక్కకు కదిలినప్పుడు రెండు లోలకాలూ ఒకే కుదుపును పొందుతాయి. కాబట్టి ఒకదాని కోణం నుండి రెండవదాని కోణాన్ని తీసివేస్తే ఆ కుదుపు పూర్తిగా రద్దవుతుంది. మిగిలేది కదలని ఆధారంపై ఊగే ఒక ఊహాత్మక లోలకపు చలనం. ఈ పద్ధతితో దేశంలో యాభైకి పైగా స్థానాలలో కొలతలు పూర్తిచేశాడు.

కదిలే నేల మీద పనిచేసిన పద్ధతి కదిలే ఓడ మీద కూడా పనిచేయవచ్చుననే ఆలోచన సహజంగానే కలిగింది. కాని ఓడ కుదుపులు నేల కంపనం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అలల మీద ఓడ పైకి క్రిందికి కదులుతున్నప్పుడు కలిగే త్వరణం పదివేల మిల్లీగాల్‌లకు మించి ఉంటుంది. గురుత్వాన్ని, ఈ త్వరణాన్ని ఏ పరికరమూ విడదీయలేదు. ఎక్కువసేపు కొలిచి సగటు తీయడమే మార్గం. ఓడ ఊపు మితిమీరినప్పుడు లోలకాలు తమ ఆనికల మీద నిలవవు, సగటు తీయడానికి కొలతే మిగలదు. డచ్చి ప్రభుత్వ గనుల సంస్థలో ఉన్నతాధికారి అయిన ఇంజనీరు వాన్ ఇటర్సన్ అప్పుడు జలాంతర్గామిని వాడమని సూచించాడు. అలల చలనం నీటి లోతుతో పాటు వేగంగా తగ్గిపోతుంది. వంద మీటర్ల పొడవున్న అల వలన ముప్పై మీటర్ల లోతులో కలిగే చలనం పైనున్న దానిలో ఆరవ వంతు మాత్రమే.

మొదటి జలాంతర్గామి యాత్ర

డచ్చి నౌకాదళం తన జలాంతర్గాములను నాటి డచ్చి ఈస్ట్ ఇండీస్‌కు, అనగా నేటి ఇండొనేషియాకు, పంపుతూ ఉండేది. వాటిలో ఒకదానిపై ప్రయాణించడానికి వేనింగ్ మైనెస్‌కు అనుమతి లభించింది. 1923 సెప్టెంబరులో కె-2 అనే జలాంతర్గామి నెదర్లాండ్స్ నుండి బయలుదేరి సూయజ్ కాలువ, ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం మీదుగా జావా చేరుకుంది. నీటిపై ప్రయాణిస్తున్నంతసేపూ కొలతలు సాధ్యపడలేదు. నౌక నీటిలో మునిగి, నెమ్మదిగా, స్థిరంగా సాగుతున్నప్పుడు లోలకాలు సక్రమంగా ఊగాయి. సముద్రం మీద లోలకంతో గురుత్వాన్ని కొలవవచ్చునని ఈ యాత్ర నిరూపించింది.

ఈ యాత్రలో వాడిన పరికరం నేల మీద వాడకానికి తయారైనది. తిరిగి వచ్చిన తరువాత వేనింగ్ మైనెస్ సముద్రానికి తగిన కొత్త పరికరాన్ని స్వయంగా రూపొందించాడు. ఇందులో మూడు ఇత్తడి లోలకాలు ఒకే తలంలో ఊగుతాయి. మధ్య లోలకాన్ని రెండు పక్కల లోలకాలతో విడివిడిగా జతచేసి రెండు స్వతంత్ర కొలతలు పొందవచ్చు. లోలకాలకు అమర్చిన అద్దాలపై పడిన కాంతికిరణాలు కదిలే ఫోటో కాగితం మీద గీతలు గీస్తాయి. పరికరపు వంపును నమోదు చేయడానికి మరికొన్ని సహాయక లోలకాలు ఉండేవి. మొత్తం పరికరం నౌక ఊపును తట్టుకొనేటట్లు ఊయల వంటి చట్రంలో వ్రేలాడుతూ ఉండేది. ఇత్తడి మెరుపు వలన దీనికి బంగారు దూడ అనే ముద్దుపేరు వచ్చింది.

ఒక్కొక్క కొలతకు అరగంట వరకు పట్టేది. ఆ సమయంలో నౌక ఒకే లోతులో, ఒకే దిశలో, ఒకే వేగంతో సాగాలి. సిబ్బంది అనవసరంగా అటూ ఇటూ తిరగకూడదు. గడియారాన్ని రేడియో కాల సంకేతాలతో సరిచూసుకోవాలి. నౌక వేగాన్ని, దిశను కూడా కచ్చితంగా తెలుసుకోవాలి. తూర్పుకు ప్రయాణించే వస్తువు భూభ్రమణంతో కలిసి మరింత వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని బరువు కొద్దిగా తగ్గుతుంది. పడమరకు పోయేటప్పుడు పెరుగుతుంది. హంగేరీ శాస్త్రవేత్త ఎట్వెష్ పేరిట ప్రసిద్ధమైన ఈ ప్రభావం భూమధ్యరేఖ వద్ద గంటకు ఒక నాటికల్ మైలు వేగానికి సుమారు 7.5 మిల్లీగాల్‌లు ఉంటుంది. సముద్ర ప్రవాహాల వలన నౌక వేగాన్ని తెలుసుకోవడంలో చిన్న పొరపాటు జరిగినా కొలత చెడిపోతుంది.

తరువాతి యాత్రలు

1926లో కె-13 జలాంతర్గామిలో ఈయన పడమర దిశగా బయలుదేరాడు. పనామా కాలువ, శాన్ ఫ్రాన్సిస్కో, హొనొలులు, గువామ్, మనీలాల మీదుగా పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి జావా చేరుకున్నాడు. 1928లో అమెరికా నౌకాదళం ఆహ్వానంపై ఎస్-21 జలాంతర్గామిలో మెక్సికో సింధుశాఖ, కరిబియన్ సముద్రాలలో కొలతలు తీసుకున్నాడు. 1929-30లో తిరిగి కె-13 లో ఇండొనేషియా దీవుల చుట్టూ విస్తృతంగా పర్యటించాడు. 1932లో ఎస్-48 లో వెస్టిండీస్ ప్రాంతంలో జరిగిన యాత్రలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన యువ భూవిజ్ఞాని హారీ హెస్ కూడా పాల్గొన్నాడు.

అన్నిటిలోకీ పొడవైనది 1934-35లో కె-18 యాత్ర. ఈ నౌక 1934 నవంబరులో నెదర్లాండ్స్ విడిచి అట్లాంటిక్‌ను దాటి దక్షిణ అమెరికాకు, అక్కడి నుండి మరల అట్లాంటిక్ దాటి దక్షిణాఫ్రికాకు, ఆ తరువాత మారిషస్, ఆస్ట్రేలియాల మీదుగా 1935 జూలైలో జావాలోని సురబయా రేవుకు చేరింది. ఎనిమిది నెలలు, ఇరవై వేల మైళ్ళకు పైబడిన ఈ ప్రయాణం నెదర్లాండ్స్‌లో గొప్ప ప్రచారం పొందింది. ప్రయాణాన్ని చలనచిత్రంగా కూడా తీశారు. నడివయసు దాటబోతున్న ఆచార్యుడు నావికులతో పాటు వేడి, నూనె వాసన, ఇరుకుదనం భరిస్తూ పనిచేసిన తీరు ఈయనను దేశంలో సామాన్య ప్రజలకు కూడా పరిచయం చేసింది.

ఈ యాత్రల ఫలితాలు 1932, 1934, 1941, 1948 సంవత్సరాలలో సంపుటాలుగా వెలువడ్డాయి. 1934 నాటి సంపుటానికి భూవిజ్ఞానులు ఉంబ్‌గ్రోవ్, క్యూనెన్ తోడ్పడ్డారు.

జావా వెలుపలి పట్టీ

కొలతలలో మొదట తేలిన విషయం ఏమిటంటే విశాల సముద్రాలు చాలావరకు సమస్థితిలోనే ఉన్నాయి. అంటే సముద్రగర్భం క్రింద ఖండాల క్రింద కంటే బరువైన పదార్థం ఉండి, నీటి తేలికదనాన్ని పూరిస్తున్నది. ఈ సాధారణ నియమానికి ఇండొనేషియా ప్రాంతం పెద్ద మినహాయింపుగా నిలిచింది. సుమత్రాకు పడమరగా, జావాకు దక్షిణంగా సాగి, తిమోర్ మీదుగా బాండా సముద్రం చుట్టూ వంపు తిరిగే ఒక సన్నని పట్టీలో గురుత్వం 100 నుండి 200 మిల్లీగాల్‌ల వరకు తక్కువగా ఉన్నట్లు తేలింది. పట్టీ వెడల్పు సుమారు 100 నుండి 200 కిలోమీటర్లు. పొడవు వేల కిలోమీటర్లు. వెస్టిండీస్‌లో కూడా ఇటువంటి పట్టీయే కనిపించింది.

ఇంత పెద్ద లోటు సమస్థితికి విరుద్ధం. నీటిలో ముంచిన కర్రను వదిలితే పైకి తేలినట్లు, తేలిక పదార్థం ఎక్కువగా ఉన్న భూపటలం పైకి లేవాలి. అది లేవడం లేదంటే దానిని ఏదో బలం క్రిందికి అదిమి పట్టి ఉంచిందని అర్థం. భూపటలం రెండు వైపుల నుండి నొక్కబడి, క్రిందికి ముడతపడి, బరువైన పొరలోనికి దిగబడిందని వేనింగ్ మైనెస్ ప్రతిపాదించాడు. ఈ ముడతకు తరువాత టెక్టోజీన్ అనే పేరు స్థిరపడింది. ఈ ఒత్తిడికి మూలంగా భూమి లోపల ప్రావారంలో అతి మెల్లగా సాగే సంవహన ప్రవాహాలను సూచించాడు. పొయ్యి మీద మరిగే ద్రవంలో వేడి భాగం పైకి లేచి, చల్లబడిన భాగం క్రిందికి దిగినట్లే ఘనమైన ప్రావారం కూడా లక్షల సంవత్సరాల కాలంలో ప్రవహించగలదని ఈయన భావించాడు.

భూకంపాలు, అగ్నిపర్వతాలు, లోతైన అగాధాలు ఈ పట్టీ వెంబడే వరుసగా ఉండడం ఈ ఊహకు బలం చేకూర్చింది. సముద్ర గురుత్వం అంతవరకూ భూమాపకులకు అవసరమైన అంకెలుగా మాత్రమే ఉండేది. ఈ ఆవిష్కరణతో అది భూమి లోపలి చలనాలను చూపించే సాధనంగా మారింది.

సూత్రాలు, సిద్ధాంతాలు

వేనింగ్ మైనెస్ కేవలం ప్రయోగశీలి కాడు. 1928లో గురుత్వ విచలనాల నుండి తూకపు గుండు నిలువు దిశ ఎంత పక్కకు వాలుతుందో లెక్కించే సూత్రాన్ని ప్రచురించాడు. జార్జి స్టోక్స్ 1849లో ఇచ్చిన సూత్రానికి ఇది కొనసాగింపు. స్టోక్స్ సూత్రం జియోయిడ్ ఎత్తును ఇస్తుంది. జియోయిడ్ అంటే గాలులు, ప్రవాహాలు, పోటుపాటులు లేకుంటే సముద్రమట్టం ఏ ఆకారంలో నిలుస్తుందో ఆ తలం. వేనింగ్ మైనెస్ సూత్రం ఆ తలపు వాలును ఇస్తుంది.

సమస్థితి సిద్ధాంతాన్ని కూడా ఈయన సవరించాడు. ఎయిరీ ఊహ ప్రకారం ప్రతి పర్వతం తన క్రిందనే తన వేరును కలిగి, పక్క భాగాలతో సంబంధం లేకుండా తేలుతుంది. భూపటలానికి బలం ఉన్నదని, బరువు పడిన చోట అది పలకవలె వంగి భారాన్ని చుట్టుప్రక్కలకు పంచుతుందని వేనింగ్ మైనెస్ 1931లో ప్రతిపాదించాడు. దీనిని ప్రాంతీయ సమస్థితి అంటారు. హవాయి వంటి అగ్నిపర్వత దీవుల బరువు సముద్రగర్భాన్ని ఎలా వంచుతుందో వివరించే నేటి సిద్ధాంతాలకు ఇది మూలం.

కొలతలలో బయటపడిన దోషం

1937లో కేంబ్రిడ్జికి చెందిన బి. సి. బ్రౌన్ ఈ కొలతలలో ఒక సూక్ష్మమైన దోషాన్ని ఎత్తిచూపాడు. నౌక పక్కకు కదిలే త్వరణం ఒకసారి కుడికి, మరొకసారి ఎడమకు ఉండడం వలన సగటున సున్నా అవుతుందని అంతవరకూ భావించారు. కాని వ్రేలాడే పరికరం ఆ త్వరణంతో పాటు వాలిపోతుంది. అప్పుడు అది కొలిచేది గురుత్వాన్ని మాత్రమే కాదు, గురుత్వం, త్వరణం కలిసిన మొత్తాన్ని. కుదుపు కుడివైపుదైనా ఎడమవైపుదైనా ఈ ప్రభావం ఒకే వైపుకు ఉంటుంది కాబట్టి ఎంతసేపు కొలిచినా సగటుతో పోదు. పక్కకుదుపుల సగటు స్థాయి గురుత్వంలో నూరవ వంతు ఉంటే చాలు, దోషం సుమారు 50 మిల్లీగాల్‌లకు చేరుతుంది.

పదునాలుగేళ్ళ కృషి పైన నీడ పడవలసిన సందర్భమిది. వేనింగ్ మైనెస్ ఈ విమర్శను అంగీకరించాడు. కుదుపులను కొలిచే నెమ్మది లోలకాలను తన పరికరానికి చేర్చి, తరువాతి యాత్రలలో ఈ త్వరణాలను నేరుగా నమోదు చేశాడు. ఆ అనుభవంతో పాత కొలతలకు కూడా సవరణలు లెక్కించి 1941 సంపుటంలో ప్రకటించాడు. జలాంతర్గామి లోతులో కుదుపులు తక్కువ కావడం వలన సవరణలు చాలావరకు చిన్నవే అయ్యాయి. జావా పట్టీ చెక్కుచెదరలేదు. ఈ సవరణ నేడు బ్రౌన్ సవరణగా పిలువబడుతున్నది.

ఆచార్యుడిగా, యుద్ధకాలంలో

1927లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. తరువాత డెల్ఫ్ట్‌లో కూడా బోధించాడు. 1933 నుండి 1946 వరకు అంతర్జాతీయ భూమాపన సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్‌ను జర్మనీ ఆక్రమించినప్పుడు ఈయన ప్రతిఘటన ఉద్యమంలో పాలుపంచుకున్నాడు. ఈయన ప్రయాణించిన జలాంతర్గాములలో కొన్ని ఆ యుద్ధంలో నాశనమయ్యాయి. కె-18 కూడా 1942లో తూర్పు ఇండీస్‌లో అంతమైంది.

యుద్ధానంతరం 1945 నుండి 1951 వరకు డి బిల్ట్‌లోని రాయల్ నెదర్లాండ్స్ వాతావరణ సంస్థకు డైరెక్టరుగా పనిచేశాడు. 1948 నుండి 1951 వరకు అంతర్జాతీయ భూమాపన, భూభౌతిక శాస్త్రాల సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉన్నాడు. 1957లో ఆచార్య పదవి నుండి విరమించాడు. ఫిన్లాండు శాస్త్రవేత్త హైస్కానెన్‌తో కలిసి భూమి, దాని గురుత్వ క్షేత్రం గురించి వ్రాసిన గ్రంథం 1958లో వెలువడింది. ఈయన వివాహం చేసుకోలేదు. 1966 ఆగష్టు 10న ఆమర్స్‌ఫోర్ట్‌లో మరణించాడు.

హిందూ మహాసముద్రపు గురుత్వ పల్లం

భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఈయన పేరుతో ముడిపడి ఉంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో భూమి గురుత్వం బలహీనంగా ఉన్న విశాల ప్రాంతం ఉంది. అక్కడ జియోయిడ్ ఆదర్శ దీర్ఘగోళం కంటే సుమారు 106 మీటర్లు పల్లంగా ఉంటుంది. ప్రపంచంలో ఇంతటి పల్లం మరొకటి లేదు. ఓడ కొలతల ఆధారంగా 1948లో వేనింగ్ మైనెస్ దీనిని గుర్తించినట్లు చెబుతారు. ఓడలో వెళ్ళేవారికి ఈ పల్లం తెలియదు. నీరు ఎప్పుడూ గురుత్వానికి లంబంగానే నిలుస్తుంది కాబట్టి అక్కడ దిగుడు గాని ఎక్కుడు గాని ఉండదు. దీని కారణంపై చాలాకాలంగా చర్చ జరుగుతున్నది. పురాతన టెథిస్ సముద్రపు పలకలు ప్రావారంలో మునిగి, ఆఫ్రికా క్రిందనున్న వేడి పదార్థాన్ని కదిలించగా, అందులోని తేలిక భాగం ఈ ప్రాంతం క్రిందికి చేరడం వలన పల్లం ఏర్పడిందని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో ప్రతిపాదించారు.

ఓడల నుండి ఉపగ్రహాల వరకు

లోలకాల యుగం వేనింగ్ మైనెస్ జీవితకాలంలోనే ముగిసింది. 1950వ దశకం చివరిలో స్ప్రింగు ఆధారంగా పనిచేసే గురుత్వమాపకాలు వచ్చాయి. జర్మనీలో గ్రాఫ్, అమెరికాలో లకోస్ట్ తయారుచేసిన ఈ పరికరాలను స్థిరీకరించిన వేదికపై ఉంచి, నీటిపై సాగే మామూలు ఓడల నుండే ఆగకుండా కొలతలు తీయడం సాధ్యమైంది. జలాంతర్గామి రోజుకు కొన్ని స్థానాలనే ఇవ్వగా, ఓడ తాను సాగిన దారి పొడవునా కొలతలు ఇస్తుంది. అయినా ఓడలు వెళ్ళని చోట పటం ఖాళీగానే ఉండిపోయింది.

ఆ ఖాళీని ఉపగ్రహాలు పూరించాయి. నీటి అడుగున రెండు కిలోమీటర్ల ఎత్తైన కొండ ఉంటే అది చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాగి, పైన సముద్రమట్టంలో కొద్ది మీటర్ల ఉబ్బును కలిగిస్తుంది. ఉపగ్రహం పంపిన రాడార్ తరంగం సముద్రంపై పడి తిరిగి వచ్చే కాలం నుండి సముద్రమట్టపు ఎత్తు తెలుస్తుంది. ఆ ఎత్తుల నుండి వాలు, వాలు నుండి గురుత్వ విచలనం లెక్కిస్తారు. ఒక కిలోమీటరు దూరంలో ఒక మిల్లీమీటరు వాలు దాదాపు ఒక మిల్లీగాల్ విచలనానికి సమానం. వేనింగ్ మైనెస్ 1928లో గురుత్వం నుండి వాలును రాబట్టే సూత్రం ఇచ్చాడు. ఉపగ్రహ శాస్త్రవేత్తలు దానినే తిరగవేసి వాలు నుండి గురుత్వాన్ని రాబడుతున్నారు.

1978లో ప్రయోగించిన సీశాట్ దాదాపు మూడు నెలలు మాత్రమే పనిచేసింది. అమెరికా నౌకాదళం 1985లో జియోశాట్‌ను ప్రయోగించింది. జలాంతర్గాముల నుండి వదిలే క్షిపణుల గురికి గురుత్వ వివరాలు అవసరం కావడంతో దాని సమాచారాన్ని చాలాకాలం రహస్యంగా ఉంచి, 1995లో పూర్తిగా విడుదల చేశారు. ఆ సమాచారాన్ని ఐరోపా ఉపగ్రహం ఇ.ఆర్.ఎస్-1 సమాచారంతో కలిపి శాండ్‌వెల్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు 1997లో ప్రపంచ సముద్రాల గురుత్వ పటాన్ని ప్రచురించారు. భారత్, ఫ్రాన్స్ దేశాలు కలిసి రూపొందించిన సరళ్ ఉపగ్రహం 2013 ఫిబ్రవరి 25న ఆంధ్ర తీరంలోని శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి. ద్వారా కక్ష్యలోకి చేరింది. అందులోని ఆల్టికా రాడార్ ఈ పటాలను మరింత మెరుగుపరచింది. 2022 డిసెంబరులో ప్రయోగించిన స్వాట్ ఒక గీత వెంబడి కాక విశాలమైన పట్టీలో సముద్రమట్టాన్ని కొలుస్తుంది.

మరొక రకం ఉపగ్రహాలు గురుత్వాన్ని కక్ష్యలోనే గ్రహిస్తాయి. 2002 నుండి 2017 వరకు పనిచేసిన గ్రేస్ జంట ఉపగ్రహాలు తమ మధ్య ఉన్న సుమారు 220 కిలోమీటర్ల దూరంలో వచ్చే అతి స్వల్ప మార్పులను కొలిచాయి. ఐరోపాకు చెందిన గోచె 2009 నుండి 2013 వరకు పనిచేసింది. ఇవి విశాల ప్రాంతాల గురుత్వాన్ని బాగా చూపుతాయి గాని చిన్న వివరాలను చూపలేవు. తీరానికి దగ్గరగా, అతి సూక్ష్మ వివరాలు కావలసిన చోట ఓడ కొలతల అవసరం నేటికీ ఉంది. శబ్ద తరంగాలతో నేరుగా కొలిచిన సముద్రగర్భం 2025 మధ్య నాటికి సుమారు 27 శాతం మాత్రమే. మిగిలిన భాగపు ఆకారాన్ని ప్రధానంగా ఉపగ్రహ గురుత్వం నుండే అంచనా వేస్తున్నారు.

అంచనా

వేనింగ్ మైనెస్ ప్రతిపాదనలన్నీ నిలబడలేదు. భూపటలం రెండు వైపులా సమానంగా నొక్కబడి ముడతపడిందన్న ఊహ స్థానంలో, ఒక ఫలకం మరొక ఫలకం క్రిందికి ఏటవాలుగా దూసుకుపోతుందనే వివరణ 1960వ దశకంలో వచ్చింది. ప్రావారంలో ప్రవాహాలను నమ్మినప్పటికీ, భూపటలం దృఢమైనదని తన కొలతలే చూపుతున్నందున, వెజెనర్ చెప్పిన రీతిలో ఖండాలు కదిలాయనడానికి ఈయన వెనుకాడాడు. అయితే ఈయనతో కలిసి జలాంతర్గామిలో పనిచేసిన హారీ హెస్ 1962లో సముద్రగర్భ విస్తరణ భావనను ప్రచురించాడు. ప్రావార ప్రవాహాలు, అగాధాల వద్ద భూపటలం క్రిందికి దిగడం అనే రెండు భావాలూ అందులో కొత్త రూపంలో చోటు చేసుకున్నాయి. ఫలక చలన సిద్ధాంతం పూర్తి రూపు దాల్చింది 1967-68లో. అప్పటికి వేనింగ్ మైనెస్ మరణించి రెండేళ్ళయినా కాలేదు.

ఈయన గుర్తించిన పట్టీ ప్రాముఖ్యం 2004 డిసెంబరు 26న ప్రపంచానికి తెలిసివచ్చింది. సుమత్రా వెలుపల ఫలకాలు ఢీకొనే ఆ సరిహద్దు చీలడం వలననే నాటి మహా భూకంపం, సునామీ సంభవించాయి. సునామీ ఆంధ్ర ప్రదేశ్ తీరాన్ని కూడా తాకి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ భూకంపం వలన గురుత్వంలో కలిగిన మార్పును గ్రేస్ ఉపగ్రహాలు కక్ష్య నుండి గుర్తించగలిగాయి.

పురస్కారాలు, గుర్తింపు

1936లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1945లో అమెరికా భూవిజ్ఞాన సంఘం పెన్‌రోజ్ పతకాన్ని, 1947లో అమెరికా భూభౌతిక సమాఖ్య విలియం బోవీ పతకాన్ని పొందాడు. 1962లో హెరాల్డ్ జెఫ్రీస్‌తో కలిసి వెట్లెసెన్ బహుమతి అందుకున్నాడు. ఐరోపా భూవిజ్ఞాన శాస్త్రాల సమాఖ్య భూమాపన శాస్త్రంలో విశిష్ట కృషికి ఈయన పేరిట పతకాన్ని ప్రదానం చేస్తున్నది. చంద్రుని ఆవలి వైపున ఉన్న ఒక బిలానికి, న్యూజీలాండ్ సమీపంలో సముద్రగర్భంలో ఉన్న ఒక చీలిక మండలానికి ఈయన పేరు పెట్టారు.